గంట పక్కన వేలాడిన చెక్క

నేను ఒక చెక్కను. పేరున్న బల్లనో తలుపునో కాదు, ఉత్త పలకను. రొమేనియా ఉత్తరపు కొండల్లో, ఇజా నది ఒడ్డున ఒక చెక్క చర్చి ఉండేది. దాని వసారాలో రెండు తాళ్ళతో నన్ను వేలాడదీశారు. రెండు చిన్న చెక్క సుత్తులతో నా మీద దరువు వేస్తే ఊరు ప్రార్థనకు వచ్చేది. అక్కడివాళ్ళు నన్ను త్వాక అంటారు. డప్పుకైనా కాస్త చర్మం ఉంటుంది. నాకు ఒళ్ళంతా ఎముకే.

నన్ను మేపుల్ చెట్టు నుంచి కోసి, నునుపు చేసి, మధ్యలో చిల్లులు పెట్టి గొంతు ఇచ్చింది చర్చి చూసుకునే ఒనూఫ్రీ వాళ్ళ తాత. తాత నుంచి కొడుక్కి, కొడుకు నుంచి ఒనూఫ్రీకి నా సుత్తులు చేతులు మారాయి. రాజ్యాలు కూడా అలాగే మారేవి. ఊరు ఎక్కడికీ కదల్లేదు. రాజ్యాలే వచ్చి ఊరి మీద కూర్చుని, లేచి పోయేవి. నేను చెప్పబోయే రోజుల్లో మా చక్రవర్తి వియన్నాలో ఉండేవాడు. మా వాళ్ళు ఇంట్లో రొమేనియన్ మాట్లాడేవారు, పన్నులు హంగేరియన్‌లో కట్టేవారు, పటాలంలో జర్మన్‌లో తిట్లు తినేవారు.

ఇదంతా నేను భరించాను. భరించలేనిది ఒక్కటే, గంట.

ఊరంతా ఉన్ని అమ్ముకుని దాన్ని ఎక్కడో జర్మన్ల పట్నంలో పోతపోయించి తెచ్చుకుంది. దాని ఒంటి మీద ఉన్న అక్షరాలు మా ఊళ్ళో ఒక్కరికీ చదవడం రాదు. అయినా అది వచ్చిన రోజున బిడ్డకు చేసినట్టు జ్ఞానస్నానం చేయించారు. అనస్తాసియా అని పేరు పెట్టారు. అప్పటికి కొత్త పెళ్ళికూతురైన పరస్కీవా దానికి జ్ఞానతల్లిగా నిలబడి, తను నేసిన తువాలు మెడకు కట్టింది. పక్క కొండ మీద పుట్టిన నాకు పేరు లేదు. ఎక్కడినుంచో వచ్చిన దానికి పేరు, తువాలు, తల్లి! కడుపు మండదా మరి?

పెళ్ళికి అదే. వడగళ్ళ మబ్బు పడితే తరమడానికి అదే. ఎవరైనా పోతే ఊరికి చెప్పేదీ అదే. నాకు మిగిలింది రోజువారీ సాయంత్రం పిలుపు, ఇంకా ఏడాదికోసారి ఈస్టర్ ముందు రోజులు. గురువారం చీకటి పడ్డాక గంట నోరు మూయాలి, ప్రభువు లేచేదాకా తెరవకూడదు. అప్పుడు ఊరికి నేనొక్కదాన్నే గొంతు. అప్పుడు కూడా జనం నా మాట వింటూ, "గంట ఎప్పుడు మోగుతుందో" అనుకునేవారు.

యుద్ధం వచ్చింది. పరస్కీవా ఒక్కగానొక్క కొడుకు గవ్రీల్‌ని చక్రవర్తి సైన్యంలోకి తీసుకుపోయారు. ఒక ఏడాది ఈస్టర్ ముందు, సరిగ్గా ఆ గురువారం చీకటి పడ్డాక, అతను పోయాడని కబురొచ్చింది. శవం రాలేదు. ఏ మట్టిలో పెట్టారో తెలియదు. అలాంటివాడికి ఊళ్ళో మిగిలేది గంట ఒక్కటే. గంట మోగితేనే పోయినవాడు పోయినట్టు, తల్లి ఏడవవచ్చు. "ఈస్టర్ దాటనీ పరస్కీవా, ఆదివారం మోగిద్దాం" అన్నాడు ఫాదర్ తెయోఫిల్. ఆమె ఏడుపు బిగబట్టుకుని సరేనంది.

శుక్రవారం పొద్దున్నే సైనికుల బండి వచ్చింది. ఫిరంగులకు కంచు కావాలట, ఊళ్ళన్నిటి నుంచీ గంటలు దించుకుపోతున్నారు.

నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

"ఫాదర్, ఒక్కసారి లాగుతాను," అని ఒనూఫ్రీ బతిమాలాడు. "పిల్లాడి కోసం. దేవుడు కళ్ళు మూసుకుంటాడు లెండి."

"ఇవాళ ఆయన సిలువ మీద ఉన్నాడురా. కళ్ళు మూసుకునే ఉన్నాడు. అందుకే మోగకూడదు."

"నియమాలట నియమాలు!" పక్కింటి ఇలియానా ముసలమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "గంటని వండుకు తినేవాడికి ఏ నియమం అడ్డొచ్చిందయ్యా? లాగవే పరస్కీవా, నేను చూసుకుంటా ఈయన సంగతి."

సైనికాధికారికి మా భాష కొద్దిగా వచ్చు. "గంట కొట్టుకోండమ్మా, కొట్టుకోండి. నేను అనుమతి ఇస్తున్నాను. తొందరగా కానివ్వండి, ఇంకా ఊళ్ళున్నాయి."

పరస్కీవా వెళ్ళి తాడు పట్టుకుంది. వద్దు, వద్దు అని నేను నా తాళ్ళ మీద బిగుసుకుపోయాను. పోతూ పోతూ కూడా దాని మాటే నెగ్గాలా?

ఆమె తాడు వదిలేసి అధికారి వైపు తిరిగింది.

"నువ్వివ్వడమేంటయ్యా అనుమతి? నా కొడుకుని అడక్కుండా తీసుకుపోయారు. దీన్నీ తీసుకుపోతున్నారు. ఇవాళ గంట మోగకూడదన్నది మా అమ్మమ్మల నాటి మాట. అదొక్కటే మిగిలింది మాకు. దాన్ని నీ సెలవు మీద తెంచుకోమంటావా? దించుకుపో."

అధికారి భుజాలెగరేశాడు. గంట చప్పుడు చేయకుండా దాని నాలుకకు పరస్కీవా తన తలగుడ్డే చుట్టింది. దాన్ని తాళ్ళతో కిందికి దించారు. అప్పుడామె నా దగ్గరికి వచ్చింది. ఒనూఫ్రీ చేతిలోంచి సుత్తులు తీసుకుంది.

నా జీవితంలో నేను ఎదురుచూసిన గడియ అదే. ఊరంతా వసారా ముందు నిలబడింది. గంట బండిలో మూగగా పడి ఉంది. ఆమె సుత్తి ఎత్తింది. నా దరువు గుర్రం పరుగులా ఉంటుంది, కొట్టడం తెలిసినవాళ్ళ చేతుల్లో. ఆమె అలా కొట్టలేదు. ఒక దెబ్బ కొట్టి ఆగింది. మళ్ళీ ఒక దెబ్బ, మళ్ళీ ఆగింది. అది చావు గంట. నా ఒంటి మీద ఆమె గంట మోగించింది. మగవాళ్ళు టోపీలు తీశారు, బండి వైపు తిరిగి. పరస్కీవా అప్పుడు ఏడ్చింది. నేను ఊరికి ఒక చావు చెప్పాను, అదీ నా శత్రువు గొంతుతో.

తరవాత చక్రవర్తి పోయాడు. కొత్త రాజ్యం వచ్చింది, అది పోయి ఇంకోటి, మళ్ళీ మొదటిదే. గంటగది కిటికీ చాలా ఏళ్ళు ఖాళీగా ఉండిపోయింది. ఆదివారాలు కూడా నాకే దక్కాయి. జనం నా పిలుపు విని వచ్చేవారు, వచ్చి తల పైకెత్తి ఆ కిటికీలోకి చూసేవారు. ఉన్న గంట మీద ఏడ్చానంటే అర్థముంది. లేని గంట మీద కూడా ఏడ్చాను.

ఇప్పుడు నేను పట్నం మ్యూజియంలో, గాజు వెనక ఉన్నాను. ఎవరూ కొట్టరు. పిల్లలు చూసి, "ఇది తలుపా?" అని అడిగి పోతారు. ఇక్కడ నాకు పోటీ ఎవరూ లేరు. నెమరేసుకోవడానికి కావలసినంత తీరిక ఉంది.

పరస్కీవా బతికున్నంతకాలం ప్రతి ఈస్టర్ ముందు శుక్రవారం వచ్చి గవ్రీల్ కోసం సుత్తులు అడిగి తీసుకునేది. అదే నెమ్మది దెబ్బలు. చివరి దెబ్బ కాగానే అరచెయ్యి నా మీద ఆనించి ఉంచేది, గంట హోరు ఆపడానికి పెడతారే, అలాగ. చెక్కకు హోరు ఎక్కడిది? నా చప్పుడు అప్పటికే అయిపోయి ఉండేది. ఆ చెయ్యి నా కోసం కాదని నాకు తెలుసు. అయినా ఇంకాసేపు ఉంచితే బాగుండుననిపించేది.