ల్యాప్‌టాప్ వెనక పలక

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఒళ్ళో పళ్ళెం, పక్కన మా పాప పలక, బలపం. టేబుల్ మీద దత్తు ల్యాప్‌టాప్. నేను దాని వెనకవైపు, కెమెరాకి కనపడని చోట. మా ఆయన ఆఫీసు మీటింగుల్లో నా సీటు అదే. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు పలక మీద రాసి ఎత్తి పట్టుకుంటాను, ఆయన చదివేస్తాడు. ఫోన్లో మెసేజ్ పెడితే చూపు కిందికి పోయి అవతలివాళ్ళకి తెలిసిపోతోందని ఆయనే ఈ ఏర్పాటు కనిపెట్టాడు. ఈ ఉద్యోగంలో ఆయన సొంతంగా కనిపెట్టింది ఇదొక్కటే.

ఇద్దరం విశాఖలో ఒకే కంపెనీలో, ఒకే టీములో చేసేవాళ్ళం. అత్తగారికి మోకాలి ఆపరేషనయ్యాక ఒకరు మానెయ్యాలన్నారు. ఎవరని ఎవరూ అడగలేదు. నర్సీపట్నం వచ్చేశాం. ఆయనకి ఇంటినుంచే పని. "ఖాళీగానే ఉంటావుగా, ఇది కాస్త చూడు," అంటూ మొదలై ఆయన పనంతా నా వంటల మధ్యకి వచ్చి చేరింది. "నీకు బుర్ర ఉంది, నాకు ఉద్యోగం ఉంది," అన్నాడొకసారి, ముద్దుగానే. ఆ రోజు స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. మళ్ళీ ఎక్కడైనా చేరతానంటే, "ఇప్పుడంతా బాగానే జరుగుతోంది కదా," అంటాడు.

ఈసారి పని నిజంగా కష్టమైనదే. ఒక పెద్ద సర్వర్‌ని సాఫ్ట్‌వేర్‌తో విడగొట్టి పది మెషీన్లలా వాడతారు. వాటిలోకి డేటా చిన్న చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, సెకనుకి లక్షల్లో వస్తుంది. అందులో మూడోవంతు మధ్యలోనే పోతోంది. రెండు నెలలుగా టీములో ఎవరికీ అంతుపట్టలేదు. నేను నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఆ సర్వర్‌లో ప్రాసెసర్లు రెండు. డేటా వచ్చిపడే నెట్‌వర్క్ కార్డు ఒకదాని వైపు ఉంది, మా మెషీనేమో రెండోదాని మీద నడుస్తోంది. ప్రతి ప్యాకెట్టూ ఇటునుంచి అటు దాటాల్సి వస్తోంది. రెండింటినీ ఒకే వైపుకి తెచ్చాను. ఇక ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. ఆ సున్నా చూసుకుని ఎంత పొంగిపోయానో! "ఏటే సత్యశ్రీ, దాని ముందు కూచుంటే అన్నం ఉడుకుతుందేటి? బేగి రా," అని అత్తగారి కేక.

ఇవాళ ఆ సంగతే దత్తు క్లయింటుకి చెప్తున్నాడు. ఇది నచ్చితే టీం లీడ్ అవుతాడు. రిపోర్టులో నా పేరు కూడా వెయ్యమని నిన్న అడిగాను. "కంపెనీలో లేనిదాని పేరెలా వేస్తారు?" అన్నాడు.

చివర్లో క్లయింటు వైపునుంచి ఒకావిడ ఇంగ్లీషులో అడిగింది. "చాలా బాగుంది. అసలు మీకిది ఎలా తట్టింది?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. దత్తు నవ్వుమొహంతో నావైపు చూశాడు. నాలుగు మధ్యాహ్నాలు పలకలో ఎలా పడతాయి? ఇంగ్లీషులో మూడే మాటలు రాసి ఎత్తి పట్టుకున్నాను.

ఎప్పట్లాగే ఆలోచించకుండా చదివేశాడు.

"మా ఆవిణ్ణి అడగండి."

అందరూ ఘొల్లున నవ్వారు. మొగుళ్ళు వేసే జోకు అనుకున్నారు. దత్తు మొహం పాలిపోయింది. వాళ్ళ నవ్వు విని తేరుకుని తనూ నవ్వాడు. ఆ నవ్వుకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం కూడా ఆయన నోటినుంచి వస్తే జోకే అవుతుంది. పళ్ళెం కింద పెట్టి లేచాను. చెంపలు తుడుచుకుని టేబుల్ చుట్టూ తిరిగి ఆయన పక్కకి వెళ్ళాను.

గబుక్కున మ్యూట్ నొక్కాడు. "ఏం చేస్తున్నావ్? నా ఉద్యోగం పోతుంది సత్యా!"

"నాది పోయి మూడేళ్ళయిందండీ. కాస్త జరగండి," అని మ్యూట్ తీశాను.