గద్ద మీద నింద

ముళ్లకంప పక్కకు లాగి పర్ముయాత్ మేకల్ని ఒక్కొక్కటిగా బయటికి వదులుతున్నాడు. మందను లెక్కపెడితే అరిష్టం. ముఖాలు చూసి పోల్చుకోవాలి. వయసు అరవై దాటినా అతనికి ఒక్క ముఖమూ తప్పదు. ఈ పొద్దు తెల్లచెవుల మేకపిల్ల ముఖం లేదు.

నిన్న మధ్యాహ్నం తుమ్మ నీడలో కునుకు పట్టింది. లేచేసరికి పిల్ల లేదు. ముప్పై ఏళ్లుగా ఇతరుల మందలు కాసి, "పర్ముయాత్‌కి రెప్ప పడదు" అని పేరు తెచ్చుకున్న మనిషి నిద్రపోయానని ఎలా చెబుతాడు? ఆవుల్లేవు, పిల్లల్లేరు, ఉన్నదల్లా ఆ పేరొకటే. సాయంత్రం అడిగితే నోటికొచ్చింది అనేశాడు: "గద్ద తన్నుకుపోయింది."

మంద సొంతదారు సిరోంకా అప్పటికే చచ్చిన గొర్రెను గద్ద గూడున్న చెట్టు కిందికి ఈడ్చి, పొట్ట చీల్చి పురుగుమందు చల్లుతున్నాడు.

"నీ దొంగకి విందు పెడుతున్నా బాబాయ్! ఇంకో పిల్ల జోలికి రమ్మను చూద్దాం."

"అది కాదురా..."

"ఏంటి?"

"ఏం లేదు. మేకలు దాహంతో ఉన్నాయి."

మందను వాగువైపు తోలాడు. తప్పిపోయిన మేక ఏ పొదలో పడి చచ్చిందో ఇన్నేళ్లూ పైన తిరిగి అతనికి చూపించింది ఆ గద్దే. తలుచుకుంటే ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది.

ఎండ నెత్తికెక్కాక, పక్క మంద కాసే నోల్మెయానీ ఎదురొచ్చింది. చంకలో తెల్లచెవుల పిల్ల.

"మా మేకల్లో కలిసిపోయింది మామా. చెవి గాటు చూసి మీదేనని పోల్చాను. నీక్కూడా రెప్ప పడిందా ఏంటి?" అని ముసిముసిగా నవ్వింది.

మందను ఆమెకి అప్పగించి, పిల్లను భుజాన వేసుకుని పర్ముయాత్ గూడున్న చెట్టువైపు పరుగెత్తాడు.

గొర్రెకు నాలుగు బారల దూరంలో గద్ద బోర్లా పడి ఉంది. గోధుమరంగు రెక్కలు పరుచుకుపోయాయి. పచ్చటి కాళ్ల గోళ్ల నిండా మట్టి. తాకితే ఇంకా వెచ్చగానే ఉంది.

సిరోంకా వచ్చి పిల్లను చూశాడు, గద్దను చూశాడు.

"మరి దొంగెవరు బాబాయ్?"

"నేనేరా. నిద్రపోయాను. సిగ్గేసి దాని మీదికి తోశాను."

సిరోంకా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్లను అందుకుని, "ఈ మాంసం కాల్చెయ్యాలి, లేకపోతే దీన్ని తిన్నవన్నీ చస్తాయి," అన్నాడు. తర్వాత మెత్తగా అన్నాడు: "రేపట్నుంచి మందని నేనే తోలుకుంటాలే."

పర్ముయాత్ ఎండుకొమ్మల కోసం చెట్టుపైకి తలెత్తాడు. గూటి అంచున, పొద్దున గద్ద తెచ్చి పరిచిన లేత రెమ్మ. దాని ఆకులింకా వాడలేదు.