ఇటు తిరగని ఫొటో

కాకినాడ జగన్నాథపురంలో ఉన్న హెలెన్ స్టూడియోకి పొద్దున్నే చేపలమ్మే ఆడవాళ్లు వచ్చి, ఫొటోలు దిగి, బుట్టలెత్తుకుని వెళ్లిపోయారు. కొత్త మార్కెట్‌లో కూర్చోవాలంటే ఫొటో కార్డు ఉండాలి. సాయంత్రానికల్లా ఫొటోలు పంపెయ్యాలి.

కెమెరాలోంచి వచ్చే ఫైళ్లకి నంబర్లే ఉంటాయి. పేరు పెట్టేదాకా ఆ స్టూడియోలో ఏ ఫొటో అయినా వీపే చూపిస్తుంది. పెళ్లి ఫొటోల కోసం వచ్చేవాళ్లు కూడా "పేర్లు పెట్టేశారా అండి?" అనే అడుగుతారు. ఒక్కొక్కటీ మారుస్తూ కూర్చుంటే పొద్దుపోతుందని హెలెన్ పాత కంప్యూటర్‌లో లినక్స్ వేయించుకుంది. దిగిన వరసలో పేర్లు టైపు చేసుకుని, నల్లటి తెర మీద ఒక్క కమాండ్ కొడితే ఫైళ్లన్నిటి పేర్లూ మారిపోతాయి.

ఆ రోజూ కొట్టింది. ఆడవాళ్లంతా ఒక్కసారే ఇటు తిరిగారు, రత్తమ్మ తప్ప.

ఫోన్ చేస్తే రత్తమ్మ, పొద్దున తనతోపాటే ఫొటో దిగిన అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. తెర మీద తన ముడీ, రవికె వీపూ చూసుకుంటూ నిలబడింది.

"రత్నం, రత్తాలు అని కూడా కొట్టి చూశానండి. మీకు ఇంకేదైనా పేరుందా?" అనడిగింది హెలెన్.

రత్తమ్మ అత్తగారి వైపోసారి చూసింది. "పుట్టింట్లో వీరవేణండి. అత్తగారి పేరూ అదేనని పెళ్లిలో మార్చేశారు. ఇప్పుడెవరూ పిలవరు."

హెలెన్ ఆ పేరు కొట్టింది. ఆ పేరుతో ఇంకో ఫైలుంది, దాని మీదే రాసెయ్యమంటావా అని అడిగి కంప్యూటర్ ఆగిపోయింది.

"ఒకే చోట రెండిటికి ఒకే పేరు కుదరదండి. సరే అంటే మీ అత్తగారి ఫొటో పోతుంది."

"నన్నిలాగే వదిలెయ్యండి. మార్కెట్ బయట అమ్ముకుంటాను," అంది రత్తమ్మ.

అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది.

"రెండు కుదరవని మా ఇంట్లోనూ నేనే అన్నాను," అంది. "హెలెనమ్మా, నా ఫొటోకి పెద్ద వీరవేణి అని పెట్టు. ఆ ఉత్త పేరు దీనికియ్యి."

హెలెన్ అలాగే చేసింది. ఫొటోలో పెద్దావిడ ఒకసారి కళ్లార్పి ఊరుకుంది. ఆ పక్క ఫొటోలో కోడలు నెమ్మదిగా ఇటు తిరిగింది. తిరిగిన మొహంలో చిన్న నవ్వుంది. ఆ నవ్వు అత్తగారు ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

కొత్త మార్కెట్‌లో ఇద్దరికీ పక్కపక్కనే చోటిచ్చారు. కొనేవాళ్లు "వీరవేణమ్మా, చందువా ఎంత?" అంటే పెద్దావిడ చేప తోముకుంటూ వినపడనట్టు ఊరుకుంటుంది. కోడలు పలుకుతుంది.