డ్రాగన్ మాట

బస్సులో, బ్యూటీ పార్లర్లో, డాక్టరు గది బయట బెంచీల మీద, ఎక్కడ చూసినా ఆడవాళ్ళ ఒళ్ళో అదే పుస్తకం. గంటలు పోతపోసేవాడి కూతురు డ్రాగన్ ఎక్కి తిరుగుతుంది. ఆమెను చంపడానికొచ్చిన శత్రురాజు కొడుకు ఆమె మీదే మనసు పారేసుకుంటాడు. పుస్తకం ఇటుకంత లావు. నేనూ కొన్నాను. రెండుసార్లు చదివి, మనసుకు తగిలిన వాక్యాల కింద పెన్సిలుతో గీతలు గీసుకున్నాను. నాకది చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. తర్వాత మా అక్కకిచ్చాను.

అక్క కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది. నోట్లో ఉన్న పళ్ళ రంగుకు కొత్త పన్ను రంగు కుదర్చడంలో అక్కడ ఆమెను మించినవాళ్ళు లేరు. ఓనరు వేరే ఊళ్ళో ఇంకో ల్యాబు తెరుస్తూ, దాన్ని నువ్వే నడపమ్మా అన్నాడు. వారమంతా అక్కడ, ఆదివారం ఇంట్లో. వస్తుందో రాదో శనివారంలోగా చెప్పాలి.

బావ ముందు నవ్వాడు, తర్వాత అలిగాడు. "నా తిండీ తిప్పలూ ఎవరు చూస్తారే?" అని ఒకటే గొణుగుడు. తిండి సంగతి ఆయనకు కంచం ముందు కూర్చోవడం వరకే తెలుసు. అక్క పట్టించుకోలేదు. పొయ్యి పక్కన నిలబడి చదువుతూ, పాలు పొంగినా తలెత్తేది కాదు. "ఆ బల్లి కథలో అంతేముందే?" అని ఆయన ఎత్తిపొడిస్తే, "ఇందులో మగవాడు అడుగుతాడండీ. నీకేం కావాలి అని అడుగుతాడు," అంది. నా ముందే అంది. నాకు కడుపు నిండిపోయింది. ఈసారి అక్క వెళ్ళి తీరుతుందని ధీమాగా ఉన్నాను.

గురువారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి బావ టీ కలిపి అక్క చేతికిస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "నిన్ను మోయడానికే నాకు రెక్కలొచ్చాయి. నువ్వు దిగిపోతే నాకు ఆకాశంతో పనేముంది?"

అక్క ముఖం ఎర్రబడింది. తల దించుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. దాని కింద గీత గీసింది నేనే. ఆ మహానుభావుడు పుస్తకం చదవలేదు, పేజీలు తిప్పుతూ నా గీతలున్న చోట ఏరుకున్నాడు. చదివుంటే తెలిసేది, ఆ మాట రాజు కొడుకుది కాదు. రెక్క విరిగిన ముసలి డ్రాగన్ తనమీద ఎక్కి తిరిగిన పిల్లతో అంటుంది. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంది. అయినా దిగి తన దారిన పోతుంది.

బావ ఎదురుగా ఏమీ అనలేక, శనివారం నేరుగా ల్యాబుకే వెళ్ళాను. అక్క దీపం కింద వంగి ఒక ముందుపన్నుకు సన్నటి కుంచెతో రంగు వేస్తోంది. బల్లంతా తెల్లటి పొడి.

"రానని ఓనరుకు చెప్పేశానే," అంది తలెత్తకుండా.

"పిచ్చిదానా! బావ నిన్ను బుట్టలో వేశాడే. ఆ మాట పుస్తకంలోది. అదీ డ్రాగన్‌ది!"

"తెలుసు."

"తెలిసే మానుకున్నావా?"

"వినగానే తెలిసింది. నవ్వాపుకోలేకే తల దించుకున్నా." కుంచె నీళ్ళలో కడిగింది. "కానీ వెతికాడు కదే. తప్పుదైతేనేం, ఒక మాట వెతుక్కుని, నేర్చుకుని, తడబడకుండా చెప్పాడు. పెళ్ళయ్యాక ఆయన నాకోసం పడ్డ కష్టం అదొక్కటే. అదీ లెక్కలోకి రాదంటే ఇన్నేళ్ళలో నాకు దక్కిందేమిటే?"

బావను తిట్టాలో, అక్కను కొట్టాలో, పెన్సిలు పట్టిన నా చెయ్యి విరగ్గొట్టుకోవాలో తెలియలేదు.

ఇంతలో బావ అక్కకు ఫోన్ చేశాడు. అక్క చేతులకు రంగు ఉండటంతో స్పీకరు నేనే నొక్కాను.

"చెప్పేశావా?"

"చెప్పేశానండీ."

"హమ్మయ్య, ఒక గొడవ వదిలింది. వచ్చేటప్పుడు కూరగాయలు పట్టుకురా. ఆలస్యం చెయ్యకు, ఆకలిగా ఉంది."

"అలాగేనండీ," అంది అక్క, నా ముఖంలోకి చూడకుండా.