గోల్‌కీపర్ పేరు

బెంగాలీ గడ్డ మీద తెలుగువాళ్ళు స్థిరపడిన రైల్వే ఊళ్ళో, ట్రాఫిక్ కాలనీ పక్క బడిలో సూసన్న ఇంగ్లీషు చెబుతుంది. పాఠాల కంటే ఆమెకు ఇష్టమైన పని ఇంకొకటుంది. ఏటా జరిగే ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలకు, మైకులో కామెంటరీ చెప్పే పిల్లల్ని తయారుచెయ్యడం. ఈ ఏడు వాళ్ళలో మెరికలాంటిది శ్రావణి. తెలుగూ బెంగాలీ హిందీ కలగలిపి ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు కూడా గ్లాసులతో సహా వచ్చి గ్రౌండు గట్టు మీద కూర్చునేవారు.

సెమీఫైనల్లో బడి జట్టుకు గోల్‌కీపర్ లాల్‌రిన్‌పుయీ. మిజోరం పిల్ల. తండ్రికి రైల్వే పోలీసుల్లో బదిలీ అయితే వేసవి సెలవుల తర్వాత వచ్చి తొమ్మిదో తరగతిలో చేరింది. ఆ రోజు ఎదుటి జట్టు పిల్ల బాగా దగ్గరికొచ్చి బలంగా తన్నిన బంతిని, పుయీ గాల్లోకి ఎగిరి వేళ్ళ కొసలతో బయటికి నెట్టేసింది. శ్రావణికి ఒళ్ళు తెలియలేదు. మన గోల్‌లో చైనా గోడ నిలబడిందని మైకులో అరిచింది.

జనానికి ఆ మాట తెగ నచ్చింది. "చైనా, చైనా" అంటూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి వెనక వరసలో ఎవరో దాన్ని, ఈశాన్య రాష్ట్రాలవాళ్ళను వెక్కిరించే "చింకీ" చేశారు. నవ్వులతో కలిసి ఆ మాట గట్టు దిగి గోల్ దాకా వచ్చింది. పుయీ తల తిప్పలేదు. గెలిచాక అందరూ ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తుంటే, ఆ పిల్ల గ్లవ్స్ విప్పి సంచిలో పెట్టుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయింది. అది చూసిన సూసన్నకు గెలిచిన సంతోషం సగం చప్పబడిపోయింది.

మర్నాడు కామెంటరీ పిల్లల్ని ఖాళీ క్లాసులో కూర్చోబెట్టింది. ఎవరినీ తిట్టలేదు. నిన్న మనం అన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చెప్పమంది. శ్రావణి మొహం కందిపోయింది.

"నానేటి తప్పన్నాను టీచర్? మెచ్చుకున్నాను గదా. ఆ రెండో మాట నాను అన్లేదు."

"నువ్వన్లేదు. దానికి దారి మాత్రం నువ్వే సూపించినావు."

అప్పుడు సూసన్న తన తండ్రి సమూయేలు సంగతి చెప్పింది. ఆయన ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తోటివాళ్ళు ఆయన్ని "మద్రాసీ" అనే పిలిచారు. కోపంతో కాదు, చనువుగానే. రిటైరైన రోజు దండ వేసి, మిఠాయి తినిపించి, మా మద్రాసీ లాంటి మనిషి మళ్ళీ దొరకడని ఒకాయన మైకులో పొగిడాడు. సమూయేలు నవ్వుతూ అందరికీ దండం పెట్టాడు. ఇంటికొచ్చి, దండయినా తియ్యకుండా మంచం మీద కూర్చుని, భార్యను ఒకటే అడిగాడు.

"నా పేరు ఆళ్ళకి తెల్దేటే?"

సూసన్న శ్రావణి వైపు తిరిగింది.

"ఆళ్ళు సెడ్డోళ్ళు కారమ్మా," అంది సూసన్న. "కానీ నువ్వు మావోడివి కావు, ఎక్కణ్ణించో వచ్చినోడివని రోజూ గుర్తు సేసినారు. అలాటి మాట బరువు అన్నోడికి తెలీదు, మోసినోడికే తెలుస్తాది. నిన్న పుయీ మన కోసం ఆడింది. మనం ఆ పిల్లని తీస్కెళ్ళి పరాయి దేశంలో నిలబెట్టినాం."

మధ్యాహ్నం భోజనాల వేళ శ్రావణి తనంతట తానే పుయీ దగ్గరికి వెళ్ళింది. జరిగింది తర్వాత టీచరుకు చెప్పింది. ఆ రెండో మాట రైళ్ళలో, బజార్లలో ఎన్నో ఊళ్ళలో విన్నానని, సొంత బడి గట్టు మీద వింటాననుకోలేదని పుయీ హిందీలో అందట. శ్రావణి క్షమించమంది. నీ పేరు సరిగ్గా పలకడం నేర్పమంది. దానికి పుయీ నవ్విందట.

ఇక ఫైనల్ దాకా కామెంటరీ పిల్లలకు అదే సాధన. ఒకడి నోట్లో లాల్‌రిన్‌పుయీ కాస్తా "లాల్‌పూరీ" అయితే, పుయీయే ముందుగా బల్ల చరిచి నవ్వింది. వాళ్ళలో ఒకమ్మాయి కోటేశ్వరి పేరు పలకమంటే పుయీ నాలుకా అలాగే మడతపడింది. ఆ గోల విని పక్క క్లాసు లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కసురుకోబోయి, తనూ ఒకసారి ఆ పేరు పలికి చూసి, తప్పు పలికి, నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఫైనల్లో మొదటి గోల్ పుయీ కాళ్ళ సందులోంచే పోయింది. సూసన్న గట్టు మీంచి లేచి నిలబడింది. శ్రావణి మాత్రం తడబడలేదు. అది గోల్‌కీపర్ లాల్‌రిన్‌పుయీ ఆపాల్సిన బంతేనని నిక్కచ్చిగా చెప్పింది. పుయీ మైకు వైపు చూసి, ఒప్పుకున్నానన్నట్టు చెయ్యెత్తింది. అంతలో వెనక వరసలోంచి మళ్ళీ ఆ పాత మాట వినిపించింది.

శ్రావణి ఆట చెప్పడం ఆపేసింది. "దాదా, మా గోల్‌కీపర్‌కి పేరుంది," అంది బెంగాలీలో, అన్నయ్యను పిలిచినట్టు మర్యాదగా. "నాతో పాటు అనండి."

ఆ పేరును ముక్క ముక్కగా విడగొట్టి చెప్పింది. ముందు పిల్లలు అందుకున్నారు. తర్వాత కూరగాయలమ్మే ఆడవాళ్ళు, టీ తాగేవాళ్ళు, యూనిఫాంలో నిలబడిన పుయీ తండ్రి. ఒక్కొక్కరు ఒక్కో రకంగా పలుకుతూ చివరికి అందరూ "పుయీ, పుయీ" దగ్గర కలిశారు. రెండో సగంలో బడి జట్టు రెండు గోల్స్ కొట్టింది. ఆఖర్లో గోల్‌లోకి దూసుకొచ్చిన బంతిని పుయీ గుండెకు హత్తుకుని బొక్కబోర్లా పడేసరికి, శ్రావణి చెప్పబోయిన పేరు జనం నోటే వినిపించింది.

ఆ సాయంత్రం సూసన్న పిల్లలందరినీ పూరీ గేట్ బజారుకు తీసుకెళ్ళి, పచ్చిమిర్చి వేసి కలిపిన మరమరాల ఝాల్‌మూడి కొనిపెట్టింది. బురద బట్టల్లో ఉన్న పుయీని చూసి, ఈ పాప ఎవరని బండివాడు అడిగాడు. అందరూ ఒకేసారి జవాబు చెప్పేసరికి అతనికి ఒక్క ముక్కా అర్థంకాలేదు. పుయీ పొట్లం పక్కన పెట్టి, తనే ఓపిగ్గా తన పేరు మొదటినుంచీ నేర్పడం మొదలుపెట్టింది. ఆ సందట్లో పచ్చిమిరపకాయ ముక్క కొరికేసిన సూసన్న, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, మంచినీళ్ళ కోసం చెయ్యి చాచింది.