మర్లు బువ్వ

పొద్దున పని మొదలుపెట్టగానే పద్మ బీడీల చాటను పొట్ట మీద పెట్టుకునేది. ఒడిలో చోటు లేక నాలుగేండ్లయింది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేది. మధ్యలో అంగన్‌వాడీ టీచర్ శాంత వచ్చి గుడ్లు ఇచ్చి, "తొమ్మిదో నెలేనా అక్కా?" అని అడిగేది. అవునంటే రాసుకునేది.

"నీ పుస్తకం నిండుతది గని నా నెలలు నిండయి," అనేది పద్మ.

కథలాపూర్ దగ్గరి ఆ ఊరిలో దీన్నెవరూ వింతగా చూడలేదు. కారణం అందరికీ తెలుసు. నడింట్లో పూల గుడ్డ కప్పుకుని, తాళం వేసి ఉన్న ఫ్రిజ్.

దూరం పోయేవాడు పళ్లెంలో నాలుగు ముద్దలు విడిచి పోవడం అక్కడి పాత పద్ధతి. దాన్ని మర్లు బువ్వ అంటారు. నీ వంతు ఇంట్లో ఉంది, మర్లి వచ్చి తిను అని. అది చెడిపోయేదాకా, దాన్ని వండిన మనిషి ఒంటికి ఆ రోజు గడవదు. ఉట్టి మీది కుండలో బువ్వ ఎంతసేపు ఆగుతుంది? భీమండి పోయినవాళ్లదైనా, బొంబాయి పోయినవాళ్లదైనా మర్నాటికి పులిసేది. తల్లి దాన్ని బర్రె కుడితిలో పోసి, కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని నాటుకు పోయేది. కుండ కింద తడి ఇసుక పోసినవాళ్లు ఇంకో పూట ఆపగలిగారు, అంతే. తర్వాత మస్కట్ నుంచి, దుబాయి నుంచి వచ్చిన పైసలతో ఊర్లోకి ఫ్రిజ్‌లు వచ్చాయి.

పద్మ భర్త గోవర్ధన్‌కు దుబాయి వీసా వచ్చేసరికి ఆమెకు నెలలు నిండాయి. టికెట్ ఆగదు. ఆ పొద్దు పద్మ కోడికూర వండింది. అతను సగం తిని, నాలుగు ముద్దలు విడిచి, "బిడ్డ ఫోటో పంపుండ్రి," అని జీపెక్కాడు. అతని తల్లి దేవవ్వ ఆ ముద్దలను స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లోని ఐసు అరలో తోసింది. వారం రోజులు ఉంచుదామనుకుంది. వారానికి గోవర్ధన్ ఫోన్ చేశాడు. కొడుకు గొంతు విన్నాక డబ్బా తీయడానికి ఆమెకు చేయి రాలేదు. ఏడాదిన్నర తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. కంపెనీ విడిచి బయట పని చేస్తున్నాడని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. ఆ తర్వాత ఆ మాట కూడా లేదు. దేవవ్వ ఫ్రిజ్ తాళంచెవిని మెడలోని దారానికి కట్టుకుంది.

"అత్తమ్మా, తీసి పారేద్దాం. నాకు కాన్పు కావాలె," అని పద్మ అప్పుడప్పుడు అడిగేది.

"గది పారేస్తే వాడు దేనికోసం మర్లాలె బిడ్డా?"

అలా అని దేవవ్వ వేడినీళ్లు తెచ్చి, కోడలి వాచిన పాదాలు నిమిరేది. పద్మకు కోపం తెచ్చుకోవడం కూడా కుదిరేది కాదు. ఎడమవైపుకు తిరిగి పడుకునేది. నాలుగేండ్లుగా అటే.

అప్పుడు సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, బొగ్గు గనులు బందయ్యాయి. కరెంటు మొదట రెండు గంటలు, తర్వాత ఆరు గంటలు పోయింది. ఆరు గంటలు పోయిన రోజు ఫ్రిజ్ కింద నీళ్లు మడుగు కట్టాయి. పద్మ చేతిలోని కత్తెర జారింది. కడుపులో బిడ్డ అటు నుంచి ఇటు తిరిగింది.

ఆనాటి నుంచి కరెంటు పోతే పద్మ పొట్ట మీద చేయి వేసుకుని కూర్చునేది. దేవవ్వ గోనెసంచులు తడిపి ఫ్రిజ్‌కు చుట్టేది. కోరుట్ల నుంచి ఐసు తెప్పిద్దామంటే బస్సు లేదు.

"తెలంగాణ వస్తే నీ కొడుకు గూడ వస్తడు తియ్యి, పెద్దవ్వా," అంది శాంత.

"అదొచ్చేదాంక గీ డబ్బను ఎవలు కాయాలె, నువ్వా?"

కోరుట్లలో దేవవ్వ మేనల్లుడు రాజమౌళికి రైస్ మిల్లుంది. అక్కడ జనరేటర్ ఉంది. ఫ్రిజ్‌ను మిల్లుకు చేర్చాలని దేవవ్వ తేల్చుకుంది. ట్రాలీ ఆటో రాజలింగాన్ని పిలిచింది. నిండు మనిషిని ఒంటరిగా విడవలేక పద్మనూ ఎక్కించింది. పద్మ ఫ్రిజ్‌కు ఆనుకుని కూర్చుంది. మిల్లుకు పోతే ఇక కరెంటు పోదు. తన రోజు ఇక కదలదు.

కోరుట్లకు ఇవతల, చౌరస్తాలో తాడు కట్టి ఉంది. వంటావార్పు. తారు రోడ్డు మీద మూడేసి రాళ్ల పొయ్యిలు, పెద్ద గంజు గిన్నెలు, ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లు.

"అవ్వా, పొద్దుగూకేదాంక బందు. తిని పోవాలె," అంది గంటె పట్టుకున్న గౌరవ్వ. బీడీల సంఘం మనిషి. అంతకుముందు మంత్రసాని.

"నా దగ్గర ఆగేటి సామాను లేదే."

"మా దగ్గర మాత్రం ఉన్నదా? ఏండ్ల సంది ఆగుతలేమా?"

ఎండ ఎక్కింది. ట్రాలీ అంచు నుంచి నీటి చుక్కలు తారు మీద పడి ఆరిపోతున్నాయి. చుక్కలు ఎక్కువైన కొద్దీ పద్మ పెదవి కొరుక్కుంది. నొప్పి వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చి, మళ్లీ ఆగింది. మధ్యాహ్నానికి ఆమె ముఖం పాలిపోయింది. దేవవ్వ నోట డబ్బా సంగతి విని, గౌరవ్వ గంటె పక్కన పెట్టి పొట్ట తడిమింది.

"బిడ్డ తొవ్వ వట్టింది. పొద్దు కదులుతలేదు. డబ్బల గడ్డ ఇంక కరుగలే. గిట్లనే ఉంటే ఇద్దరికి మంచిది గాదు, దేవవ్వా."

దేవవ్వ చేయి మెడలోని తాళంచెవి మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది.

"అత్తమ్మా," అంది పద్మ. గొంతు సన్నగా ఉంది. "ఆయన వస్తడో రాడో నాకెరుక లేదు. వచ్చేటి బిడ్డ మాత్రం తొవ్వల నిలబడ్డది."

దేవవ్వ ఫ్రిజ్ దగ్గరికి పోయింది. దారం తెంపి తాళం తీసింది.

డబ్బా నడుమ ఇంకా మంచుగడ్డ ఉంది. దేవవ్వ దాన్ని తీసుకుపోయి పొయ్యి పక్కన, నిప్పులు లాగి, వాటి మీద పెట్టింది. మంచు కరిగి, కూర ఉడికింది. నాలుగేండ్ల కింద వండిన పొద్దు, తొందరలో పద్మ ఎల్లిగడ్డ ఎక్కువ వేసింది. ఆ వాసన చౌరస్తా అంతా పరుచుకుంది.

"వాని పాలు నువ్వు తిను బిడ్డా," అని దేవవ్వ తన చేత్తో పెట్టింది. ఒకటి. రెండు. మూడో ముద్దకు పద్మ మడమలు పగిలాయి. నాలుగో ముద్దకు కణత దగ్గర ఒక వెంట్రుక తెల్లబడింది. తర్వాత ఉమ్మనీరు పోయింది.

తాడు కట్టినవాళ్లే తాడు విప్పారు. ట్రాలీలో పడుకోవడానికి చోటు కావాలని ఫ్రిజ్‌ను దించి రోడ్డు పక్కన పెట్టారు. ఎవరో దాని మీద విస్తరాకుల కట్ట పెట్టుకున్నారు. గౌరవ్వ ఖాళీ డబ్బాను కడిగి, అన్నం, పప్పుచారు పోసి దేవవ్వ చేతిలో పెట్టింది.

కోరుట్ల దవాఖానలో పొద్దుగూకకముందే ఆడపిల్ల పుట్టింది. "ఎన్ని నెలలు?" అని నర్సు అడిగితే, "తొమ్మిదే," అంది పద్మ. తర్వాత కుడివైపుకు తిరిగి నిద్రపోయింది.

దేవవ్వకు ఆ పూట తినబుద్ధి కాలేదు. తెల్లారి బర్రె పాలు పిండడానికి ఊరికి వచ్చి డబ్బా మూత తీసింది. పులిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆ ఇంట్లో ఆ వాసన వచ్చి నాలుగేండ్లయింది. డబ్బాలోది కుడితిలో పోసింది. బర్రె తాగుతుంటే దాని మెడ మీద తల ఆనించి కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, బాలింతకు కారం దంచడానికి రోకలి వెతుక్కుంది.