ఒక్క టైలు మీద బచాటా

బైకు ఆగకముందే ఎలీహియో కేక వినిపించింది. “మనమే! మనల్నే ఎంచుకున్నారు!”

మా ఊరి పునీతుడి పండగలో చర్చి ముందు మొదటి బచాటా నాట్యం ఆడే జంట మేమేనట. పెళ్లయి నెల కూడా కాలేదు! అరటికాయ ముక్కలు వేయిస్తున్న గరిటెతోనే వీధిలోకి పరుగెత్తి అతని మెడకు వేలాడాను. పక్కింటివాళ్లు ఈలలు వేశారు.

వరండాలో ఎర్సీలియా మామ్మ కుర్చీ ఊగడం ఆగిపోయింది. ఎలీహియోని పెంచింది ఆవిడే.

“చర్చి ముందు బచాటానా? నేను రాను.”

“ఇప్పుడు అందరూ ఆడుతున్నారు మామ్మా.”

“మా రోజుల్లో దాన్ని చేదు పాట అనేవాళ్లురా. సారా కొట్లలో, ఇంకా... అలాంటి ఇళ్లలో మోగేది. పరువుగల పిల్ల అది వినపడితే కిటికీ మూసేసేది.”

ఎలీహియో మొహం వాడిపోయింది. “మామ్మ ముందు వరసలో లేకపోతే నా కాలు కదలదు మారిబెల్,” అన్నాడు నాతో మెల్లగా.

ఒకసారి చూస్తే మనసు మారుతుందేమోనని రేడియో పెట్టాను. రాజధానిలో కాలేజీలో ఉండగా డాన్సు క్లాసులో నేర్చుకున్నదంతా చూపించాను: నడుము అలలా తిప్పాను, తల వెనక్కి విసిరాను, వరండా అంతా చుట్టేశాను.

మామ్మ పకపకా నవ్వింది. “ఒంట్లో చీమలు దూరాయా పిల్లా? నీకు ఊరంత చోటు కావాలే! బచాటాకి ఒక్క టైలు చాలు.”

లేచి మనవడి చెయ్యి పట్టుకుంది. కాళ్లు టైలు గీత దాటలేదు. ముందుకు, పక్కకు, వెనక్కి, చెప్పులతో నేల మీద చిన్న చదరం గీస్తున్నట్టు ఆడింది. మలుపు చివర కాలివేళ్లతో చిలిపిగా ఒక తన్ను. నేను చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయాను.

పాట అయ్యాక ఎలీహియో కళ్లు చిన్నవి చేసి చూశాడు. “నువ్వు కిటికీ మూసేసేదానివి కదా మామ్మా?”

“మూసేదాన్నే!” ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. “మూశాకే కదరా నేనూ మీ తాతా ఆడేది!”

ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. లోపల అరటికాయలు మాడిపోయాయి. ఎవరికీ పట్టలేదు.

“ఆ తల విసరడం ఉంచు పిల్లా, బాగుంది,” అంది మామ్మ ఆయాసం తీర్చుకుంటూ. “కానీ ఈ రబ్బరు చెప్పులతో కాదు. రేపు పొద్దున్నే ముగ్గురం బజారుకెళ్తున్నాం. నీకు ఎత్తు మడమల జోడు కొనాలి. ముందు వరసలో కూర్చునేదాన్ని, నాక్కూడా ఒకటి.”